దీర్ఘపదాలు – అక్షరవిభాగం: తెలుగు బాలలు శాస్త్రపదాలను పలకనేర్చిన చరిత్ర

ఒక పాఠశాల 75 సంవత్సరాలు నిలిచిన సందర్భంలో వెలువడే సంచికలో భవనాల చరిత్ర, దాతల చరిత్ర, పూర్వ ఉపాధ్యాయుల చరిత్ర చోటు చేసుకోవడం సహజం, అవసరం కూడా. అయితే నల్లబల్ల ముందు ప్రతిదినం జరిగే చిన్న పనులకు కూడా ఒక చరిత్ర ఉంటుంది. అది శిలాఫలకాల మీద కనిపించదు. విద్యార్థి నాలుక మీద మాత్రమే నిలుస్తుంది. అటువంటి ఒక చిన్న పనిని గురించి ఈ వ్యాసంలో ముచ్చటించదలచాను. పొడవైన ఆంగ్ల శాస్త్రపదాన్ని భాగాలుగా విడదీసి, తడబాటు లేకుండా పలకడమే ఆ పని.

ఇది పైకి ఉచ్చారణకు సంబంధించిన స్వల్ప విషయంగా కనిపించవచ్చును. కాని తెలుగు మాధ్యమంలో పదవ తరగతి ముగించి, పదకొండవ తరగతిలో ఆంగ్లంలో విజ్ఞానశాస్త్రం చదవబోయే మన బాలబాలికల భవిష్యత్తు కొంతవరకు దీనితో ముడిపడి ఉన్నది. "మా పిల్లవాడిని తెలుగు బడిలో వేస్తే రేపు కాలేజీలో ఆ పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు ఎట్లా చదువుతాడమ్మా?" అని తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి చరిత్ర ఇచ్చే సమాధానమేమిటో పరిశీలిద్దాము.

భయానికి కారణం పొడవేనా?

మొదట ఒక లెక్క చూడండి. పచ్చని ఆకు సూర్యరశ్మి సాయంతో ఆహారాన్ని తయారు చేసుకొనే ప్రక్రియను మన పుస్తకాలు "కిరణజన్య సంయోగక్రియ" అంటాయి. అక్షరాలు లెక్కించండి: కి-ర-ణ-జ-న్య-సం-యో-గ-క్రి-య. మొత్తం పది. ఇదే విషయాన్ని చెప్పే ఆంగ్లపదం "ఫోటోసింథసిస్". దీనిని విడదీస్తే ఫో-టో-సిన్-థ-సిస్. మొత్తం అయిదే. పది అక్షరాల పదాన్ని అనర్గళంగా చెప్పే ఏడవ తరగతి బాలిక, అయిదు అక్షరాల పదం ముందు ఆగిపోతుంది. అంటే భయానికి కారణం పదం పొడవు కాదు. తెలుగు పదాన్ని ఎక్కడ విరవాలో ఆమెకు తెలుసు. ఆంగ్లపదాన్ని ఎక్కడ విరవాలో ఎవరూ చెప్పలేదు. తేడా అంతే.

విరవడంలో మన పూర్వుల అనుభవం

పదాన్ని విరచి నేర్చుకోవడం భారతదేశంలో అతి ప్రాచీనమైన విద్య. ఋగ్వేదానికి శాకల్యుడు కూర్చిన పదపాఠంలో సంధులు విడదీసి ఏ పదానికి ఆ పదాన్ని వేరుగా ఉంచారు, సమాసాలను సైతం లోపల విరిచి చూపించారు. ధ్వనులను అధ్యయనం చేయడానికి "శిక్ష" అనే ప్రత్యేక వేదాంగమే ఏర్పడినది. వర్ణం, స్వరం, మాత్ర, బలం మొదలైన అంశాలను అది చర్చించినది. తప్పు పలకరాదన్న పట్టుదల వల్ల పుట్టిన విద్య అది.

తెలుగు లిపి స్వభావం కూడా ఈ పనికి అనుకూలమైనదే. ఆంగ్లలిపిలో ఒక్కొక్క గుర్తు ఒక వర్ణానికి చెందినది. మన లిపిలో ఒక్కొక్క అక్షరం హల్లును, అచ్చును కలిపి ఒకే ముద్దగా చూపుతుంది. "క్రి" అని వ్రాసినప్పుడు కకారం, రేఫ, ఇకారం మూడూ ఒకే అక్షరంలో ఇమిడిపోతాయి. తెలుగు పిల్లవాడు ఓనమాలు, గుణింతాలు నేర్చుకొనేటప్పుడే పదాన్ని పలుకుల వరుసగా చూడడం నేర్చుకుంటాడు. తరతరాలుగా మన ఇళ్ళలో చదివిన పెద్దబాలశిక్షలో రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, నాలుగక్షరాల మాటలు అని పాఠాలు అమర్చిన తీరు పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. చిన్న పదం నుంచి పెద్ద పదానికి మెట్టుమెట్టుగా ఎక్కించే పద్ధతి అది.

అట్లాంటిక్ సముద్రానికి ఆవల కూడా ఇటువంటి ప్రయత్నమే జరిగినది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ అనే ఉపాధ్యాయుడు 1783లో ఒక స్పెల్లింగు పుస్తకం ప్రచురించాడు. అందులోనూ పదాలను అక్షరసంఖ్య ననుసరించి పట్టికలుగా అమర్చి, మధ్యలో విరుపులు చూపించాడు. అంతకు పూర్వపు ఇంగ్లీషు వాచకాలు "హ్యాబిట్" అనే పదాన్ని హ్యా-బిట్ అని, "క్లస్టర్" అనే పదాన్ని క్ల-స్టర్ అని విరిచేవి. పిల్లవాడు పలికేటప్పుడు వినిపించేది అది కాదనీ, హ్యాబ్-ఇట్, క్లస్-టర్ అని విరిస్తేనే సరైన ఉచ్చారణ వస్తుందనీ వెబ్‌స్టర్ వాదించాడు. విరుపు కంటికి కాదు, చెవికి లోబడాలన్నది ఆయన సిద్ధాంతం.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. తెలుగులో మనం "పద్మ" అని వ్రాసేటప్పుడు ప-ద్మ అని రెండక్షరాలుగా వ్రాస్తాము. అంటే వెబ్‌స్టర్ వద్దన్న క్ల-స్టర్ పద్ధతిలోనే వ్రాస్తాము. మరి తెలుగు పిల్లవాడు ఆంగ్లపదాన్ని తప్పుగా విరుస్తాడేమో అన్న సందేహం కలుగుతుంది. దీనికి సమాధానం మన ఛందస్సులోనే ఉన్నది. "పద్మ" అనే మాటలో "ప" హ్రస్వమే అయినా గురువు. ఎందుకంటే దాని తరువాత సంయుక్తాక్షరం ఉన్నది. అది ఎందుకు గురువైనదో ఒకసారి పలికి చూడండి. నోట వచ్చేది పద్-మ అని. దకారం వెనక్కి వచ్చి మొదటి అక్షరాన్ని బరువు చేసినది. వ్రాతలో ప-ద్మ, పలుకులో పద్-మ. "యమాతారాజభానసలగం" అని వల్లించి గురులఘువులు గుర్తించిన ప్రతి విద్యార్థికీ ఈ సంగతి తెలుసు. వెబ్‌స్టర్ 18వ శతాబ్దంలో వాదించి నెగ్గవలసి వచ్చిన విషయం, తెలుగు తరగతిలో పద్యపాదానికి గణవిభజన చేసే పిల్లవాడి చేతిలో ముందే ఉన్నది. తెలుగు పీరియడులో నేర్చిన విద్యను విజ్ఞానశాస్త్రపు పీరియడులో వాడుకోవచ్చునని అతనికి చెప్పడమే మన పని.

ఈ పొడవు పదాలు ఎట్లా పుట్టినవి?

పొడవైన శాస్త్రపదాలు పిల్లలను వేధించడానికి పుట్టినవి కావు. గందరగోళాన్ని తొలగించడానికి పుట్టినవి. 18వ శతాబ్ది వరకు రసాయన పదార్థాలకు ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క పేరు ఉండేది. 1787లో ఫ్రాన్సు దేశంలో గీటన్ ద మోర్వో, లవోయిజర్, బెర్తొలే, ఫోర్‌క్రా అనే నలుగురు శాస్త్రజ్ఞులు ఒక నామకరణ విధానాన్ని ప్రకటించారు. పేరు చూడగానే పదార్థంలో ఏమేమి ఉన్నవో తెలియాలన్నది వారి నియమం. 1892లో జెనీవాలో జరిగిన సమావేశం కర్బన పదార్థాల పేర్లకు నియమాలు ఏర్పరచినది. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య ఆ పనిని నేటికీ కొనసాగిస్తున్నది. పేరు పొడవెందుకైనదంటే, అది పేరు మాత్రమే కాక పదార్థపు నిర్మాణపటం కూడా కాబట్టి.

ఈ పదాలు పెట్టినవారందరూ గ్రీకు, లాటిన్ పండితులు కారు. విద్యుత్తు మీద మహత్తరమైన ప్రయోగాలు చేసిన మైకేల్ ఫారడే కమ్మరి కుమారుడు, పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకొన్నవాడు. తాను కనుగొన్న విషయాలకు పేర్లు కావలసి వచ్చినప్పుడు 1834లో కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూవెల్‌కు ఉత్తరం వ్రాసి అడిగాడు. ఆనోడ్, కాథోడ్, అయాన్ అనే మాటలు ఆ విధంగా వచ్చినవి. గ్రీకులో ఆనోడ్ అంటే పైకి పోయే దారి, కాథోడ్ అంటే క్రిందికి దిగే దారి, అయాన్ అంటే పోయేది అని అర్థం. ప్రపంచానికి ఈ మాటలు అందించినవాడే మరొకరిని అడిగి తెలుసుకొన్నాడు. తెలియనిది అడగడంలో చిన్నతనం లేదని మన పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏమున్నది?

ఆ గ్రీకు ముక్కలు కూడా మనకు పూర్తిగా పరాయివి కావు. రసాయనశాస్త్రంలో వచ్చే సంఖ్యావాచకాలను సంస్కృత సంఖ్యల పక్కన పెట్టి చూడండి. డై అంటే ద్వి, ట్రై అంటే త్రి, పెంటా అంటే పంచ, హెప్టా అంటే సప్త, ఆక్టా అంటే అష్ట, డెకా అంటే దశ. గ్రీకు, సంస్కృతాలు ఒకే భాషాకుటుంబానికి చెందినవి గనుక ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. ద్విపద, త్రికోణం, పంచాంగం, అష్టదిక్కులు అనే మాటలు తెలిసిన పిల్లవాడికి ఈ ముక్కలు దూరపు చుట్టాల వంటివి.

తెలుగులోకి శాస్త్రపదాలు

తెలుగువారికి ఆధునిక విజ్ఞానాన్ని తెలుగులో అందించాలన్న సంకల్పంతో 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడినది. దానికి ప్రాణం కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. మహారాష్ట్రలో ఉంటున్న మనకు ఆయన విషయంలో ఒక ప్రత్యేక బంధుత్వం ఉన్నది. పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన ఆయన, అక్కగారైన భండారు అచ్చమాంబగారి వద్ద నాగపూరులో ఉండి విద్యాభ్యాసం చేశారు. మరాఠీలో వ్యాసాలు వ్రాసేటంత పట్టు సాధించారు. తెలుగులో శాస్త్రగ్రంథాల ప్రచురణకు దారి వేసిన మహనీయుడు మరాఠీ గడ్డ మీద చదువుకొన్నవాడన్నది మనం గర్వించదగిన సంగతి.

ఆ కాలపు రచయితలు ఎంచుకొన్న ముఖ్యమార్గం అనువాదం. ఆక్సిజన్‌ను ఆమ్లజని అన్నారు, హైడ్రోజన్‌ను ఉదజని అన్నారు, నైట్రోజన్‌ను నత్రజని అన్నారు. ఇవి గ్రీకు మాటలకు ముక్కకు ముక్కగా చేసిన అనువాదాలు. ఈ పద్ధతిలో గొప్ప ప్రయోజనమున్నది. మాట వినగానే అర్థం స్ఫురిస్తుంది. ఇబ్బంది కూడా ఉన్నది. ఆమ్లాలన్నిటికీ ఆక్సిజనే మూలమని నమ్మి లవోయిజర్ ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. అంటే మూలంలోని పొరపాటు కూడా అనువాదంతో పాటు మన భాషలోకి వచ్చి చేరినది.

మన పెద్దలు వచ్చిన తెలంగాణ ప్రాంతంలో పరిస్థితి వేరు. 1917లో హైదరాబాదులో అనువాద సంస్థ, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడి, ఉన్నతవిద్య ఉర్దూలో సాగినది. అక్కడ పండితులు శాస్త్రపదాలను ఉర్దూలోకి తెచ్చారు. భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య సాధ్యమేనని నిరూపించిన మహాప్రయత్నం అది. అయితే తెలుగు ఇంట పుట్టిన బాలుడు విజ్ఞానం కోసం ఉర్దూ పదాలను మోయవలసి వచ్చినది. 1948 తరువాత ఆ స్థానంలోకి ఆంగ్లం వచ్చినది.

స్వాతంత్ర్యానంతరం 1961లో కేంద్రప్రభుత్వం శాస్త్ర, సాంకేతిక పరిభాష కోసం శాశ్వత సంఘాన్ని నియమించినది. మూలకాల పేర్లు, రసాయన పదార్థాల పేర్లు, కొలమానాలు మొదలైన అంతర్జాతీయ పదాలను అనువదించకుండా లిపి మార్చి వాడుకోవాలన్నది అది అనుసరించిన సూత్రాలలో ఒకటి. 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమీ ఏర్పడి వివిధ శాస్త్రాలకు పారిభాషిక పదకోశాలు ప్రచురించినది. క్రమంగా ఆమ్లజని పక్కకు తప్పుకొని ఆక్సిజన్ తెలుగు అక్షరాలలో నిలదొక్కుకొన్నది. కిరణజన్య సంయోగక్రియ, గురుత్వాకర్షణ వంటివి అట్లాగే ఉండిపోయినవి. ఇక మహారాష్ట్రలో 1967లో ఏర్పడిన బాలభారతి సంస్థ రాష్ట్రంలోని బడులకు మరాఠీతో పాటు తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు ముద్రిస్తూ వచ్చినది. 2000వ సంవత్సరం నుంచి మహారాష్ట్రలో ఒకటవ తరగతి నుంచే ఆంగ్లం ఒక పాఠ్యాంశమైనది.

ఉచ్చారణ బోధన విషయంలో కూడా తెలుగువారి కృషి తక్కువది కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు లిపి లేని సవరభాషను చెవితో విని నేర్చుకొని, దానికి వ్యాకరణం, నిఘంటువు రచించారు. కన్ను కంటె చెవి ముందుండాలని ఒక బడిపంతులు ఆచరణలో చూపించిన ఘట్టమది. 1958లో హైదరాబాదులో నెలకొల్పిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ దేశం నలుమూలల నుంచి వచ్చిన ఉపాధ్యాయులకు ఆంగ్ల ధ్వనిశాస్త్రంలో శిక్షణ ఇచ్చినది.

భివండిలో నాలుగు భాషల నడుమ

ఇప్పుడు మన ఊరికి వద్దాము. 1857 తరువాత ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్ళు, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు, స్థానికులైన మరాఠీ ప్రజలు కలిసి పెంచిన ఊరు భివండి. పద్మనగర్ నుంచి నాలుగడుగులు వేస్తే నాలుగు భాషలు వినిపిస్తాయి. మన పిల్లవాడు కిరణజన్య సంయోగక్రియ అని చదివే సమయానికి, పక్క వీధిలోని మరాఠీ బడిలో ప్రకాశసంశ్లేషణ అని, ఉర్దూ బడిలో జియాయీ తాలీఫ్ అని చదువుతూ ఉంటారు. పదవ తరగతి దాటగానే ఈ ముగ్గురూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. అప్పుడు ముగ్గురికీ వినవచ్చేది ఫోటోసింథసిస్ అన్న మాటే. ఈ కష్టం తెలుగు బడికి మాత్రమే ప్రత్యేకమైనది కాదని గ్రహించాలి.

నాకు తెలిసిన ఒక పూర్వ విద్యార్థిని సంగతి చెబుతాను. పదవ తరగతిలో విజ్ఞానశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకొన్నది. పదకొండవ తరగతిలో ఒకనాడు వృక్షశాస్త్రపు పాఠంలో మడచెట్ల శ్వాసవేళ్ళను గురించి బిగ్గరగా చదవవలసి వచ్చినది. "న్యుమాటోఫోర్" అనే ఆ పదం ఆంగ్లంలో పి అనే అక్షరంతో మొదలవుతుంది. ఆమె ఆ పకారాన్ని కూడా కష్టపడి పలికినది. తరగతి అంతా నవ్వినది. ఠాణా ఖాడి ఒడ్డున బురదలోంచి పైకి లేచి నిలిచే ఆ వేళ్ళను ఆమె కళ్ళారా చూసినది. అవి గాలి కోసం పైకి వస్తాయని తెలుగులో చక్కగా వివరించగలదు. వస్తువు తెలుసు, పని తెలుసు, కారణం తెలుసు. పలుకు మాత్రమే తెలియదు. ఆ తరువాత చాలా నెలలు ఆమె తరగతిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తెలివి లేక కాదు, నోరు మెదిపితే నవ్వుతారన్న బెదురు వల్ల. నేడు ఆమె ఒక రక్తపరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగం చేస్తున్నది. కాని అటువంటి బెదురుతోనే విజ్ఞానశాస్త్రాన్ని విడిచిపెట్టిన పిల్లలు ఎందరో ఉండవచ్చును.

ఆమెకు ఆనాడు తెలియవలసింది రెండే విషయాలు. మొదటిది, గ్రీకు నుంచి వచ్చిన మాటలలో నకారం ముందు, సకారం ముందు, టకారం ముందు వచ్చే పకారం ఆంగ్లంలో పదాదిని పలకదు. న్యుమోనియా, సైకాలజీ, టెరోడాక్టిల్ అన్నీ ఆ కోవకు చెందినవే. రెండవది, "న్యుమా" అంటే ఊపిరి, "ఫోర్" అంటే భరించేది. ఈ ఫోర్, మన "భరించు" లోని భర ధాతువు ఒకే మూలానికి చెందినవి. ఊపిరిని భరించేది న్యుమాటోఫోర్. మన "శ్వాసవేరు" చెప్పేదీ అదే.

మూడు విరుపులు

ఇటువంటి పదాలకు మా తరగతులలో మూడు విరుపుల పద్ధతి పాటిస్తున్నాము. మొదటిది అర్థపు విరుపు, రెండవది పలుకు విరుపు, మూడవది ఊనిక. మన సాంచెల ఇళ్ళలో అందరికీ తెలిసిన గుడ్డనే ఉదాహరణగా తీసుకొందాము. పాలిఎస్టర్ నూలుకు రసాయననామం "పాలిఎథిలీన్ టెరెఫ్తలేట్". బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు 1941లో దీని నుంచి దారం తీశారు. మన భీముల మీద, కాండీల మీద ఎక్కే పాలిఎస్టర్ దారం అదే.

అర్థపు విరుపు: పాలి అంటే అనేకం. ఎథిలీన్ ఒక కర్బన పదార్థం. టెరె అనేది టర్పెంటైన్ నిచ్చే చెట్టు పేరు నుంచి వచ్చినది. ఇక "ఫ్తల్" అనే విచిత్రమైన ముక్క ఎక్కడిదంటే, నాఫ్తలీన్ నుంచి "నా" తీసివేయగా మిగిలినది. నాఫ్తలీన్ మరేదో కాదు, మన అమ్మమ్మలు చీరల పెట్టెలో వేసే కలరా ఉండలే. తల తెగిన మాట కాబట్టే అది అంత వికారంగా కనిపిస్తున్నది. పలుకు విరుపు: పా-లి-ఎ-థి-లీన్, అయిదు. టె-రెఫ్-త-లేట్, నాలుగు. తొమ్మిది పలుకులలో పదం పూర్తయినది. దోమల మందుగా అందరూ ఎరిగిన డి.డి.టి.ని ఇట్లాగే పలకవచ్చును: డై-క్లో-రో-డై-ఫి-నైల్-ట్రై-క్లో-రో-ఈ-థేన్. పదకొండు. కిరణజన్య సంయోగక్రియ కంటె ఒక్కటే ఎక్కువ.

అర్థపు విరుపు, పలుకు విరుపు ఎప్పుడూ ఒకేచోట పడవని కూడా పిల్లలకు చెప్పాలి. హెలికాప్టర్ అనే మాటను మనం హె-లి-కాప్-టర్ అని పలుకుతాము. అర్థాన్ని బట్టి విరిస్తే అది హెలికో-ప్టర్. హెలికో అంటే మెలి తిరిగినది, ప్టర్ అంటే రెక్క. అర్థం పడుగు వంటిది, పలుకు పేక వంటిది. రెండూ వేరువేరు దిశలలో నడుస్తాయి. రెండూ కలిస్తేనే గుడ్డ.

మూడవదైన ఊనిక తెలుగువారికి కొత్త. మన భాషలో పలుకులన్నిటికీ ఇంచుమించు సమానమైన బలం ఉంటుంది. ఆంగ్లంలో ఒక పలుకు మీద బలం పడి, తక్కినవి సన్నగిలుతాయి. ఛందస్సులోని గురువు ఇది కాదు. గురువు పలికే కాలానికి సంబంధించినది, ఊనిక పలికే బలానికి సంబంధించినది. అదృష్టవశాత్తూ శాస్త్రపదాలలో ఊనికకు కొన్ని నమ్మదగిన గుర్తులున్నాయి. "ఇక్" అని ముగిసే మాటలలో సాధారణంగా దాని ముందు పలుకు మీద ఊనిక: ఎ-లెక్-ట్రిక్‌లో లెక్ మీద. "షన్" అని ముగిసే మాటలలోనూ అంతే. "లజీ" అని ముగిసే మాటలలో చివరి నుంచి మూడవ పలుకు మీద: బ-యా-ల-జీలో యా మీద. ఎలక్ట్రిక్‌లో లెక్ మీద ఉన్న ఊనిక ఎలక్ట్రిసిటీలో ట్రి మీదికి, ఎలక్ట్రాలిసిస్‌లో ట్రా మీదికి జరుగుతుంది. పదం పెరిగిన కొద్దీ బలం ముందుకు నడుస్తున్నదన్నమాట. ఈ నాలుగు సంగతులు తెలిస్తే వందలాది మాటలు దారికి వస్తాయి.

ఒక తెలుగువాడు, కొన్ని దీర్ఘపదాలు

దీర్ఘపదాలు తెలుగువారికి అందనివని ఎవరైనా అంటే ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించమనండి. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు. అనంతరం అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఎ.టి.పి.గా పేరొందిన అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను గుర్తించిన పరిశోధనలు చేశారు. ఆ తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన పరిశోధక బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసినది. గర్భిణులకు ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలలో ఉండేది ఇదే. దాని రసాయననామం టెరోయిల్ గ్లుటామిక్ యాసిడ్. ఇక్కడా పలకని పకారమే, హెలికాప్టర్‌లోని రెక్కే. సీతాకోకచిలుక రెక్కల రంగులలో మొదట కనిపించిన పదార్థాల కుటుంబానికి చెందినది కనుక ఆ పేరు. ఫోలిక్ అన్న మాట లాటిన్‌లో ఆకు నుంచి వచ్చినది, ఎందుకంటే 1941లో దానిని పాలకూర ఆకుల నుంచి వేరు చేశారు. బోదకాలు వ్యాధికి నేటికీ వాడే డై-ఈ-థైల్-కార్-బ-మ-జీన్ కూడా ఆ బృందపు కృషి ఫలమే. ఆయన 1948లో మరణించారు. మూడుసార్లు పరీక్షకు కూర్చొన్న బాలుడి శ్రమ ఫలితం నేడు మన వీధిలోని ప్రతి గర్భిణి చేతిలో మాత్రగా ఉన్నది.

మనవి

ఈ చరిత్ర వల్ల తేలే విషయం ఒక్కటే. తెలుగులో చదువుకోవడం ఆంగ్ల శాస్త్రపదానికి అడ్డంకి కాదు. గుణింతం, సంధి, సమాసం, గురులఘువులు శ్రద్ధగా నేర్చిన పిల్లవాడి వద్ద దీర్ఘపదాన్ని విరిచే పనిముట్టు ముందే ఉన్నది. కాని పనిముట్టు ఉన్నంత మాత్రాన పని జరగదు. దానిని వాడడం ఎవరో ఒకరు చూపించాలి. తెలుగు పదంతో పాటు ఆంగ్లపదాన్ని కూడా బల్ల మీద వ్రాసి, విరిచి, పలికించి, వ్రాయించాలి. ఇది ఎనిమిదవ తరగతి నాటికే మొదలు కావాలి. పదకొండవ తరగతి దాకా ఆగితే ఆలస్యమవుతుంది.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి: పిల్లవాడు తప్పు పలికినప్పుడు నవ్వు వినిపించని తరగతి గది మన మొదటి ప్రయోగశాల కావాలి. తల్లిదండ్రులకు మనవి: మీకు ఇంగ్లీషు రాకపోవచ్చును, అయినా సాయంత్రం బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని ఆనాటి పెద్ద మాటను విడివిడిగా పలికి, దాని అర్థం తెలుగులో చెప్పమనండి. సైజింగు, వార్పింగు, బాబిను వంటి మాటలను చెవితోనే నేర్చి జీవితం గడుపుకొన్న మీకు, వినడం ఎంత గొప్ప చదువో వేరే చెప్పనక్కరలేదు. పూర్వ విద్యార్థులకు మనవి: మీలో ఆసుపత్రులలో, ప్రయోగశాలలలో, కర్మాగారాలలో పనిచేసేవారు సంవత్సరానికి ఒకసారి బడికి వచ్చి, మీ వృత్తిలోని పది పొడవైన మాటలను మీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేర్పి వెళ్ళండి. దానికి విరాళం అవసరం లేదు, ఒక గంట చాలు.

ముందు తరం వారు మగ్గం గుంటలోంచి లేచి వచ్చి ఈ బడిలో పిల్లల చేత ఓనమాలు దిద్దించారు. ఆ ఓనమాలే ఆధారంగా రానున్న తరం ఎంత పొడవైన పదాన్నయినా నిర్భయంగా పలికి, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని స్వంతం చేసుకోవాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను.